గంజి పెట్టిన రాగి

ఇంకా ఇద్దరు మాట్లాడాక నా పేరు పిలుస్తారు. ఇద్దరేనా అనిపిస్తోంది. ఆ ఇద్దరూ పొద్దుగూకేదాకా మాట్లాడినా నాకేం అభ్యంతరం లేదు, ఉద్యమంలో మాటలకేం కరువా, నిన్న లెక్చరర్లు మాట్లాడలేదా, మొన్న వకీళ్ళు మాట్లాడలేదా, జగిత్యాల టవర్ దగ్గర ఈ డేరా వేసిన నాటి నుంచి మైకు చల్లబడింది లేదు, ఈ ఒక్క పూటే ఎందుకింత తొందరగా ముగిస్తున్నారు. సకల జనుల సమ్మె. బస్సులు డిపో దాటవు, బడులు తెరవరు, బొగ్గు బాయిలో దిగేవాళ్ళు దిగరు. ఇవాళ దీక్షలో కూర్చున్నది నేత పనివాళ్ళు. నా పక్కన జంపఖానా మీద సిరిసిల్ల పరశురాములు కాక కూర్చున్నాడు, ఇస్త్రీ మడత విరగని తెల్లచొక్కా వేసుకుని, నున్నగా గడ్డం గీసుకుని. ఆయనకు అవతల ఆయన భార్య సత్యవ్వ చిన్నమ్మ. పేరు పిలిస్తే నేను లేచి వెళ్ళి, ఈయన చేత్తో నేసిన రాగి బట్ట పొగలోంచి ఇంధనం తీస్తోందని ఇంతమంది ముందు చెప్పాలి, చెప్పి నా చేత్తోనే ఆయనకు శాలువా కప్పాలి. తీస్తోందా? తీయడం లేదు. పొద్దున్నే తెలిసింది తీయడం లేదని. ఈ డేరా కింద ఆ ముక్క తెలిసినదాన్ని నేనొక్కతెనే, తెలిసీ ఇక్కడే కూర్చుని ఉన్నాను, సిగ్గుతో తల ఎత్తడం లేదు, జనమేమో ఆడపిల్ల, బురఖా పిల్ల, నలుగురిలో అలవాటు లేదు పాపం అనుకుంటున్నారు.

పొద్దున కోరుట్లలో మా ఇంటి మెట్ల మీద బూట్లు తొడుక్కుంటూ ఉండగా మాధవి ఫోను చేసింది. సారంగాపూర్ పిల్ల, హైదరాబాదులో నాతోపాటు ఒకే ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది, సమ్మెలో నేను ఇంట్లో చిక్కుబడిపోతే నా సీసాలను తనే చూసుకుంటోంది. "మెహ్రీన్, కూసున్నవా నిలవడ్డవా? కూసో." కూర్చునే ఉన్నానని చెప్పాను. "కరెంటు వోయి బందువడ్డ సీస ఉన్నది సూడు, దాంట్ల గూడ ఆల్కహాలు అచ్చిందే. కరెంటు నడిసిన దానికంటె జరంత ఎక్కువనే అచ్చింది." అదెట్లా వస్తుందే, కరెంటు లేకుండా ఏమొస్తుంది అన్నాను. "గదే నేను గూడ అనుకున్న. మూత దీసి వాసన జూసిన. ఏం జెప్పాలె నీకు, మా తాత కల్లు లొట్టి వాసన." నేను నవ్వాను. నిజంగానే నవ్వాను, ఒక్క క్షణం. ఆ క్షణంలోనే సిరిసిల్లలో కాక వాళ్ళ వాకిలి కళ్ళముందుకు వచ్చింది, నవ్వు ఆగిపోయింది. మాధవి ఇంకా ఏదో అంటోంది, ఆ బట్టకు తినే వస్తువు ఏమన్నా అంటిందా, పిండి, చక్కెర, జిగురు, ఏదన్నా, అని. తెలియదన్నాను. తెలియదు అని అన్నాను. మా తమ్ముడు అజ్మల్ బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు, జగిత్యాలలో శాలువాలు కొని పెట్టారట, నేనేమో ఫోను పర్సులో పడేసి బండెక్కాను. ఎక్కకుండా ఉండాల్సింది. జ్వరమని పడుకోవాల్సింది. జ్వరం వచ్చినా బాగుండు.

గంజి. అంతే, గంజి. పడుగుకు పెట్టిన గంజి ఆ సన్నటి తీగెల సందుల్లో మిగిలిపోయి, సోడా ఉప్పు కలిసిన గోరువెచ్చని నీళ్ళలో నాని, పులిసి, ఆల్కహాలయింది. అది పొగలోంచి వచ్చింది కాదు, రాగి చేసింది కాదు, వెండి చేసింది కాదు, కరెంటు చేసింది అసలే కాదు. ఇన్నేళ్ళ చదువంతా పెట్టి నేను చేసిన ఘనకార్యం గంజి పులియబెట్టడం. దానికి యూనివర్సిటీ ఎందుకు, ఏ గుడుంబా బట్టీలో అడిగినా నాకంటే చిక్కగా దించి ఇస్తారు. సీసాలో ఆల్కహాలు వచ్చిందని తెలిసిన నాడు నేను ఆనందం పట్టలేక ఇంటికి ఫోను చేస్తే మా అమ్మీ కుల్సుమ్ బీ గుండెలు బాదుకుంది, "పఢ్ పఢ్ కే ఆఖిర్ శరాబ్ బనారీ క్యా?" అని. చదివీ చదివీ చివరికి సారా కాస్తున్నావా అని. అది తాగేది కాదమ్మీ, బండ్లు నడిపేది, గాలిలో పొగ ఉంటుంది కదా అందులోంచి తీసేది అని ఎంతసేపు చెప్పానో. ఎంత గర్వంగా చెప్పానో. ఆమె అన్నదే నిజమయింది, ఆమెకు చెప్పుకోవాలి ఇప్పుడు, అమ్మీ నువ్వన్నదే కరెక్టు అని.

మైకులో ఎవరో పెద్దాయన నేత పనివాళ్ళ కూలి గురించి మాట్లాడుతున్నాడు, కరెంటు లేక మరమగ్గాలు ఆగిపోయాయని, ఆగినా సరే సమ్మె ఆగదని. చప్పట్లు. పరశురాములు కాక చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. ఈ చేతులే. రాగి బట్ట నేసినప్పుడు వేళ్ళ నిండా సన్నటి కోతలు పడ్డాయి, పసుపు అద్దుకుని మళ్ళీ మగ్గంలో కూర్చునేవాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళిన సంగతి గుర్తొస్తే వెళ్ళకపోయినా బాగుండేదనిపిస్తోంది, అట్లా అనిపించడమూ సిగ్గే, ఎందుకంటే ఆ రోజులంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. బడిలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నాం, ఏది కాల్చినా వచ్చేది అదే. దాన్ని నీళ్ళలో కరిగించి, లోహం ముంచి, కరెంటు ఇస్తే తిరిగి ఇంధనం అవుతుంది, కాల్చిన దాన్ని వెనక్కి తిప్పడమన్నమాట. లోహమే అందులో పెద్దమనిషి, తను కరగదు, తరగదు, కానీ తను లేనిదే పని జరగదు. ఒక్కో లోహానిది ఒక్కో తీరు. ఇనుము, నికెల్ ముంచితే అవి పక్కనున్న నీళ్ళను విడగొట్టుకుంటూ కూర్చుంటాయి, అసలు పని పట్టించుకోవు. వెండి సగం పని చక్కగా చేసి వదిలేస్తుంది. రాగి ఒక్కటే చివరిదాకా తీసుకుపోగలదు, కానీ దానికి నిలకడ లేదు, ఒకేసారి పది రకాలు చేసి ఏదీ సరిగ్గా చేయదు. నాకొక ఆలోచన వచ్చింది. వెండి సగం చేసి ఇస్తే, ఆ సగాన్ని పక్కనే ఉన్న రాగి అందుకుని పూర్తి చేస్తే? రెండూ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, ఒకటి రెండుచోట్ల కాదు, అంతటా దగ్గరగా ఉండాలి. పడుగు రాగి, పేక వెండి. బట్టలో పడుగూ పేకా కలవని చోటు ఉంటుందా.

సిరిసిల్ల సరుకు అమ్మే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టే నాకు ఆ ఆలోచన వచ్చిందని ఎంత మురిసిపోయానో. మా అబ్బా లతీఫుద్దీన్‌ది కోరుట్లలో బట్టల దుకాణం, లంగాల గుడ్డ, లైనింగు గుడ్డ అంతా సిరిసిల్ల నుంచే తెస్తాడు, పరశురాములు కాక ఆయనకు ఎప్పటి నుంచో దోస్తు. మా అబ్బానే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు, కథలాపూర్ మీదుగా, వేములవాడలో గుడి జనం మధ్య చిక్కుకుని తిట్టుకుంటూ. కాక పగలంతా మరమగ్గాల షెడ్డులో పాలిస్టరు నేస్తాడు, చేతిమగ్గం ఇంట్లో మూలకు పడి ఉంది, మగ్గం కింది గుంటలో పాత సంచులు, విరిగిన కుర్చీ. నేను తీగె తీసి చూపిస్తే రెండు వేళ్ళ మధ్య తిప్పి చూసి, "గిది పోగు గాదు బిడ్డా, మొండి ఘటం. మడతవడ్డదంటె ఇగ సక్కగ గాదు" అన్నాడు. కాదంటాడనుకున్నాను. మరునాడు పోతే గుంట ఊడ్చి ఉంది. వీధిలో వాళ్ళు వచ్చి నవ్వారు, పరశురాములుకు పిచ్చి లేసింది, రాగి చెంబు నేస్తడట అని. ఆయన గుంటలోకి దిగి కూర్చున్నాడు. మెల్లగా, రోజుకు జానెడు కూడా కాకుండా నేశాడు, మొదటి ముక్క మగ్గం మీది నుంచి దింపిన రోజు ఆ నవ్విన వాళ్ళే వచ్చి ముట్టుకుని చూశారు, ఎండలో పెడితే కళ్ళు చెదిరిపోతున్నాయి. ఆ రోజు సత్యవ్వ చిన్నమ్మ, మీరు మేం కోసిన కోడి తినరు గదా అని నాకు కోడిగుడ్ల పులుసు వండి పెట్టింది. నేను ఆమె ముందు కూర్చుని ఇంకా వెయ్యమని అడిగి తిన్నాను.

ఆ బట్ట ముక్క ఒకటి ఇప్పుడు డేరాలో చేతులు మారుతోంది. కాక తువాలలో చుట్టి తెచ్చాడు, మా కాలేజీ శ్యాంసుందర్ సారు అందరికీ చూపించమన్నాడు, ముందు వరసలో మొదలై ఇప్పుడు ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. ఒకామె చెంపకు ఆనించుకుంది. ఒకామె అంచు పట్టి కళ్ళకద్దుకుంది, అయ్యో కళ్ళకెందుకద్దుకుంటావు తల్లీ, గరగరలాడుతూ ఉంది చూడు, అది రాగి బిరుసు కాదు, గంజి బిరుసు. అవును అదే కదా, ముట్టుకుంటే తెలిసిపోతుంది, కొత్త చీర విప్పినప్పుడు తెలియదా. మా దుకాణంలో పుట్టి పెరిగాను, గంజి గుడ్డ ఏదో, గంజి లేని గుడ్డ ఏదో కళ్ళు మూసుకుని చెబుతాను, ఆ చేతులతోనే ఆ బట్టను ప్రయోగశాలలో కత్తిరించాను. మాధవితో తెలియదన్నాను. సత్యవ్వ చిన్నమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఏం బిడ్డా, చెమటలు వడ్తున్నయి. గా నల్లది జరంత సదురుకో, ఎవ్వలేమనరు" అంటోంది. ఏం లేదు చిన్నమ్మా అన్నాను. "మీ కాకకు రాత్రి నిద్ర లేదు. గింతమందిల నన్నేం మాట్లాడుమంటరో అని. నువ్వే మాట్లాడుతవు గద?" నేనే మాట్లాడతాను. ఆమె చెయ్యి నా మోకాలి మీదే ఉంది, తీయమని ఎట్లా అనను.

చూశాను. అబద్ధమెందుకు, చూశాను. తెలియదని మాధవికి చెప్పినా, పొద్దుటి నుంచీ నాకు నేను చెప్పుకుంటున్నా, చూశాను. వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి రాగి తీగెలు చాపి కట్టి, కాక ఒక వైపు, చిన్నమ్మ ఒక వైపు నిలబడి ఉన్నారు, తీగెలు ఒకదానికొకటి రాసుకుని చుట్టుకుపోతున్నాయి, కింద సత్తు గిన్నెలో పులిసిన గంజి. గంజి పెట్టని పడుగును ఆ ఇంట్లో మగ్గం ఎక్కించరు. అయినా కాక పెట్టేయలేదు, అడిగాడు. కుంచె చేతిలో పట్టుకుని నా వైపు చూసి అడిగాడు, "గంజి వెట్టచ్చా బిడ్డా, నీ కరెంటు పనికి అడ్డం రాదు గద?" నేను ఫోటో తీసుకోవడంలో ఉన్నాను. ఎండ పడి తీగెలు అగ్గిలా మెరుస్తున్నాయి, మాధవికి పంపాలని. "పెట్టుండ్రి కాకా, ఏం గాదు, నేను కడుగుత" అన్నాను. కడిగానా? కడిగాను, నీళ్ళతో. గట్టిగా కడిగితే వెండి పాడవుతుందేమోనని నీళ్ళతో ఒక్కసారి ముంచి తీశాను. గంజి మరక నీళ్ళకు పోతుందా, మా అమ్మీ చీరలు ఎన్నిసార్లు ఉతికితే పోతుంది. ఆ తరువాత సీసాలో ఆల్కహాలు కనిపించింది, మా గైడు లేచి నిలబడి కరచాలనం చేశాడు, ఇక గంజి ఎవరికి గుర్తుంటుంది. ఆయన సరిచూసుకున్నావా అని అడిగితే చూశానన్నాను, వట్టి రాగి రేకు ముంచి చూశాను, ఏమీ రాలేదు, బట్టతోనే వస్తోంది, అంతా అల్లికలోనే ఉందని చెప్పాను. రేకుకు ఎవరు గంజి పెట్టారు రావడానికి. అదే బట్టను కరెంటు లేకుండా ముంచి చూడాలి, ఆ ఒక్క పని చేయాలి, మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠం అది. చేయలేదు. తీరిక లేక కాదు. ఏం వస్తుందో అని లోపల ఎక్కడో భయం ఉండే ఉంటుంది.

ఇంకొకటి కూడా ఉంది, ఇది ఎవరికీ చెప్పలేను, ఈ డేరాలో అయితే అసలే చెప్పలేను. సమ్మె మొదలయ్యాక బొగ్గు లేక కరెంటు పోతూ ఉంటే, నా సీసాలు ఆగిపోతున్నాయని, నేను ఆ బొగ్గు బాయి వాళ్ళను లోలోపల తిట్టుకున్నాను. తెలంగాణ ఇవాళ కాకపోతే రేపు వస్తుంది, ఒకసారి ఆగిన ప్రయోగం మళ్ళీ మొదటి నుంచి చేయాలి కదా అని. వాళ్ళు జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నారు, పండుగకు సొంతూళ్ళకు వచ్చి కూడా పిల్లలకు బట్టలు కొనలేదు, మా అబ్బా దుకాణంలోనే చూశాను, వచ్చి ధర అడిగి పోయేవాళ్ళు. నేను మాత్రం నా సీసా కోసం వాళ్ళు సమ్మె విరమిస్తే బాగుండునని నమాజులో కూడా అనుకున్నాను. పైకి అజ్మల్ వెనక బండి మీద కూర్చుని రాస్తారోకోల్లో జై కొడుతూ వచ్చాను. ఇప్పుడు చూస్తే వాళ్ళు బాయి దిగకపోబట్టే కరెంటు పోయింది, కరెంటు పోబట్టే నా అబద్ధం దొరికింది. లేకపోతే అది పుస్తకాల్లోకి ఎక్కి కూర్చునేది. ఎవరో ఎక్కడో అది చదివి, రాగి వెండి తీగెలు నేయించుకుని, ఏమీ రాక, తమ చేతకానితనం అనుకుని ఏడ్చేవాళ్ళు.

"ఇప్పుడు మన శ్యాంసుందర్ సారు" అన్నారు. అంటే ఒకరైపోయారు. ఆయన తరువాత నేనే. డిగ్రీలో నాకు కెమిస్ట్రీ చెప్పింది ఆయనే, ఈ సన్మానం ఆలోచన ఆయనదే, పేపరువాళ్ళకు చెప్పిందీ ఆయనే, "రాగి చీరతో పెట్రోలు" అని జిల్లా పేజీలో వేశారు, చీర కాదు సార్, పెట్రోలు కాదు సార్ అంటే, "గట్ల రాస్తెనే మనోళ్ళకు అర్థమైతదమ్మా" అన్నాడు. పొద్దున్నే చెప్పి ఉండాల్సింది ఆయనకు. డేరా వెనక చాయ్ తాగుతుంటే పక్కకు పిలిచాను కూడా, సార్ ఒక్క మాట అన్నాను, ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "మీ అబ్బా ఈడ ఉంటె ఎంత సంతోషపడునో, దుకాణం ఎందుకు తెరిసిండు ఇయ్యాల" అన్నాడు. తిరిగి వచ్చి జంపఖానా మీద కూర్చున్నాను. మైకులో ఆయన గొంతు మారుమోగుతోంది, "బొగ్గు మనది. నీళ్ళు మనయి. పొగ మనకు, ఎలుగు ఎవలకో. ఆ పొగల నుంచి గూడ నూనె దీసే తెలివి మన బిడ్డకున్నది, ఆ తెలివికి బట్ట నేసే చెయ్యి మన పరశురాములుకున్నది. మనకు చాతగాదన్నోళ్ళను రమ్మనుండ్రి, గీ బట్ట ముట్టుకొని చూడమనుండ్రి." జనం లేచారు. ఈలలు. పరశురాములు కాక వంగి నా చెవిలో, "గంత పెద్ద మాటలెందుకే, నేను నేసిన, అంతే గద" అన్నాడు, కానీ ఆయన ముఖం చూశాను. ఆ ముఖాన్ని చూసి ఎవరైనా చెప్పగలరా.

చెప్పాలి. ఇక్కడ చెప్పకపోయినా రేపు గైడుకు చెప్పక తప్పదు, ఎల్లుండి అందరికీ తెలుస్తుంది, అప్పుడు సిరిసిల్లలో ఆ వీధివాళ్ళు మళ్ళీ వస్తారు, శాలువా కప్పించుకున్నాడు చూడు సారా బట్ట నేసి అంటారు, అది కప్పించుకున్నాక తెలియడం కంటే ముందే తెలియడం నయం. కాబట్టి చెప్పాలి, ఎట్లా చెప్పాలో కూడా పేర్చుకున్నాను. నేను, అని మొదలు పెట్టాలి. నేను పొరపాటు చేశాను. కాక నన్ను అడిగాడు, నేనే పెట్టమన్నాను, నేను సరిగా కడగలేదు, నేను సరిచూడలేదు. ఆయన నేత నిజం, ఆ నేతలో తప్పు లేదు, నా లెక్క తప్పు. నాలుగు మాటలు. మళ్ళీ చేస్తాను, ఈసారి శుభ్రంగా కడిగి చేస్తాను, అప్పుడు ఏది వస్తే అది చెబుతానని కూడా అనొచ్చు. నేను, తో మొదలు పెడితే మిగతాది అదే వస్తుంది. నేను. నేను. "మెహ్రీన్, రా అమ్మా" అంటున్నాడు సారు. సత్యవ్వ చిన్నమ్మ నా మోకాలి మీంచి చెయ్యి తీసింది.

మైకు వేడిగా ఉంది, ఇంతసేపు ఇంతమంది పట్టుకున్నది. ఎదురుగా అన్నీ ముఖాలే. బట్ట ముక్క ఎవరి చేతిలోనో తళుక్కుమంటోంది. అందరికీ నమస్కారం, సలాం అన్నాను, చప్పట్లు కొట్టారు. అప్పుడు నోరు తెరిచి నేను అన్నది, "ఈ బట్టకు గంజి పెట్టారు." అదే వచ్చింది. దానితోనే మొదలైంది. "ఆ గంజి పులిసింది. సీసాలో వచ్చిన ఆల్కహాలు దానిదే. పొగలోంచి వచ్చింది కాదు. కరెంటు లేకపోయినా వచ్చింది, పొద్దున్నే తెలిసింది" అన్నాను. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తరువాత వెనక నుంచి ఒకతను, "అంటె పరశురాములన్న సారా నేసిండన్నట్టు" అన్నాడు. నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, మనవాడే కదా అని నవ్వినట్టే నవ్వారు, కానీ డేరా మొత్తం నవ్వింది. కాక కూడా కాసేపు వాళ్ళతోపాటు నవ్వాడు, ఏదో పొగడ్తేమో అనుకుని. చిన్నమ్మ ఆయన చేతి మీద తట్టి ఏదో చెప్పింది. ఆయన నవ్వు ఆగింది. నేను అప్పటికీ 'నేను' అనలేదు, పెట్టారు అన్నాను, ఎవరు పెట్టారో, ఎవరు పెట్టమన్నారో అనలేదు, ఇంకా మాట్లాడాల్సింది ఉందని మైకు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన లేచి వచ్చాడు. చొక్కా కిందికి లాక్కుని, నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు, పట్టుకోవడం రాక నోటికి మరీ ఆనించాడు. "అందరికి దండం. గంజి వెట్టింది నేనే. గీ పిల్లకు తెల్వది. ఆమె కోరుట్లకు వోయినంక వెట్టిన, అడుగకుంట వెట్టిన. సదువుకున్న పిల్ల, ఆమెకొక మాట జెప్పాలె గద, జెప్పలే. తప్పు నాది. నవ్వితె నన్ను జూసి నవ్వుండ్రి." నా వైపు చూడలేదు. అంత అబద్ధం ఆయన జీవితంలో ఆడి ఉండడు, అయినా తడబడకుండా ఆడాడు. చప్పట్లు, నేను వచ్చినప్పటి కంటే పెద్ద చప్పట్లు, "గిదీ మనిషంటె" అన్నారెవరో, శ్యాంసుందర్ సారు కళ్ళు తుడుచుకుని శాలువా తానే తెచ్చి ఆయనకు కప్పాడు. కిందనుంచి సత్యవ్వ చిన్నమ్మ నన్ను చూస్తోంది. కోపం లేదు ఆమె ముఖంలో. ఆ రోజు ఆమె కూడా అక్కడే ఉంది కదా, రెండో చివర తీగెలు పట్టుకుని, నేను ఏమన్నానో ఆమె విన్నది, నేను ఇప్పుడు చెబుతానని చూస్తోంది, అంతే.

కాక మైకు నా చేతిలో పెట్టాడు. "ఇగ నువ్వు జెప్పు బిడ్డా" అన్నాడు మెల్లగా. మైకు గుయ్‌మంది. చప్పట్లు ఆగిపోయాయి, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. మాట సిద్ధంగానే ఉంది, కాక అబద్ధం చెబుతున్నాడు, నన్ను అడిగాడు, నేనే పెట్టమన్నాను, అంతే ఉంది, చిన్న మాటే. ఊపిరి పీల్చుకున్నాను.

జై తెలంగాణ అన్నాను.

డేరా మొత్తం జై తెలంగాణ అంది. పరశురాములు కాక శాలువాలోంచి పిడికిలి పైకెత్తి అందరికంటే గట్టిగా అన్నాడు. ముందు వరసలో వాళ్ళు ఇంకోసారి అనమని చేతులు ఊపారు. ఇంకోసారి అన్నాను.